ఒక వంకలో దిగి, మరో వంకలో ఎక్కి

కువైట్‌లో పనిచేసే అన్నలకు, అక్కలకు, చెల్లెళ్ళకు, తమ్ముళ్ళకు, ఊళ్ళో ఉండి వాళ్ళ ఫోను కోసం ఎదురుచూసే ఇంటివాళ్ళకు కూడా ఈ నాలుగు మాటలు.

కువైట్‌లో నది లేదు. ఏడాది పొడుగునా పారే వాగు ఒక్కటంటే ఒక్కటి లేదు. ఏడాదికి సగటున పడే వాన 110, 120 మిల్లీమీటర్లు. మన కడప సీమలో ఒక వాయుగుండం వచ్చిందంటే ఒక్క రాత్రికే అంత కురిసి పోతుంది. ఇక అడవి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇలాంటి దేశంలో కూర్చుని, చెట్ల మధ్య, ఏటి వెంబడి ఒక పగలంతా నడిచే నడక గురించి మాట్లాడటం ఏమిటని మీకు అనిపించవచ్చు. ఆ సంగతి తేల్చుకోవాలంటే జహ్రా దాటి ఉత్తరానికి పోవాలి.

నగరం నుంచి 80వ నంబరు రోడ్డు పట్టుకుని జహ్రా దాటి ఇరాక్ దిక్కుగా పోతుంటే, అప్పటిదాకా పళ్ళెంలా పరుచుకున్న నేల ఉన్నట్టుండి లేస్తుంది. అది ముత్లా గట్టు. అక్కడ మొదలై కువైట్ అఖాతపు ఉత్తరపు ఒడ్డు వెంబడి ఈశాన్యంగా సుమారు 60 కిలోమీటర్లు సాగుతుంది. ఈ గట్టు మొత్తాన్నీ జాల్ అజ్ జోర్ అంటారు. ఎత్తు ఎంతనుకున్నారు? బాగా ఎత్తున్న చోట సముద్రమట్టానికి 145 మీటర్లు. శేషాచలం చూసిన కళ్ళకు ఇది కొండే కాదు. దేశంలో ఇంతకన్నా ఎత్తైన నేల లేకపోలేదు. పడమట సాల్మీ సరిహద్దు దగ్గర 300 మీటర్ల దాకా ఉంది. కానీ అక్కడికి నేల ఎంత మెల్లగా ఎక్కుతుందంటే, ఎక్కినట్టు కాళ్ళకు తెలియనే తెలియదు. కాళ్ళకు తెలిసే ఎత్తు కువైట్‌లో ఈ గట్టు ఒక్కటే.

గట్టు పైభాగం చదును, గులకరాళ్ళ నేల. దక్షిణపు అంచు మాత్రం నిలువునా తెగి ఉంటుంది. ఆ తెగిన అంచును వాన నీళ్ళు కోసి కోసి వంకలు చేశాయి. అందుకని ఇక్కడ నడక తనంతట తానే చుట్టుదారి అవుతుంది. బండి పైన ఆపుకోవడం, ఒక వంకలో దిగడం, అడుగున గట్టు వారనే కొంత దూరం నడిచి మరో వంక పట్టుకుని పైకెక్కడం, పై అంచు మీదుగా మళ్ళీ బండి దగ్గరికి చేరడం. తాపీగా నడిస్తే నాలుగైదు గంటల పని. ముసలివాళ్ళను తీసుకుపోయేంత తేలిక కాదు, తాళ్ళు కట్టుకుని ఎక్కేంత కష్టమూ కాదు. దారి తప్పుతామన్న బెంగ కూడా తక్కువే. కింద నడిచేటప్పుడు ఉత్తరాన గట్టు, దక్షిణాన సముద్రం. ఈ రెండూ కనిపిస్తున్నంత సేపు దిక్కు పోదు. మంచు పట్టిన ఉదయం మాత్రం రెండూ కనిపించవు. అలాంటప్పుడు పొద్దెక్కి మంచు విడిచేదాకా పైనే కూర్చుని టీ తాగడం మేలు.

పోయిన దారినే తిరిగి రావడం నాకు ఏనాడూ నచ్చలేదు. తిరుగుదారిలో మనసు ముందే బండెక్కి కూర్చుంటుంది. చుట్టుదారిలో ఆఖరి అడుగు దాకా కొత్త నేలే.

దిగేటప్పుడు వంక గోడలు చూడండి. ఇసుకరాయి ఒక పొర, బంకమట్టి ఒక పొర, మళ్ళీ ఇసుకరాయి. తెలుపు, లేత ఎరుపు, అక్కడక్కడా పచ్చని చారలు. పైన గులకరాళ్ళు. ఒక గులకరాయి చేతిలోకి తీసుకోండి. నున్నగా, గుండ్రంగా ఉంటుంది. ఎడారిలో గాలి రాయిని అరగదీస్తుంది కానీ ఇంత గుండ్రంగా చేయలేదు. దూరం నుంచి దొర్లించుకుంటూ వచ్చిన నీళ్ళ పని ఇది. కువైట్‌లో నది లేదన్నాను కదా, ఒకప్పుడు ఉండేది. పశ్చిమ అరేబియాలోని హిజాజ్ కొండల్లో పుట్టి, ద్వీపకల్పాన్ని అడ్డంగా దాటి, ఇప్పుడు కువైట్ పడమటి సరిహద్దుగా ఉన్న వాది అల్ బాతిన్ గుండా వచ్చి, ఇక్కడ రాళ్ళూ ఇసుకా కుప్పపోసింది. వాది అల్ బాతిన్ ఇప్పుడు ఎండు లోయ. మధ్యలో దారంతా ఇసుక దిబ్బలు కప్పేశాయి. 1993లో ఫరూక్ అల్ బాజ్ అనే ఈజిప్టు భూగర్భ శాస్త్రవేత్త, అమెరికాలోని బోస్టన్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ, ఆకాశం నుంచి తీసిన చిత్రాల్లో ఆ ఇసుక కింద దాగిన నదీమార్గాన్ని పట్టుకున్నాడు. దానికి కువైట్ నది అని పేరు కూడా పెట్టాడు. మీ బూటు కింద గరగరలాడేది ఆ నది మోసుకొచ్చిన సరుకే.

నీళ్ళు లేని వంకలో తిప్పుతూ దీన్ని ఏటి నడక అంటావేమయ్యా అని ఎవరైనా కోస్తావాడు ఎగతాళి చేస్తే చేయనివ్వండి. మనకు ఆ పట్టింపు లేదు. పాపఘ్ని, చెయ్యేరు, గుంజన ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే కదా. ఆ ఇసుకలోనే చెలమ తీసి బిందె నింపుకున్న ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళం మనం. ఎండు వంకను చదవడం మనకు చేతనైనట్టు ఇంకొకరికి కాదు. నీళ్ళు ఏ మలుపులో ఒరుసుకున్నాయో, ఎక్కడ ఆగి బురద దించాయో, చివరి వానకు ఎంత ఎత్తున పారాయో, పొదల మొదట్లో చిక్కుకున్న చెత్త చూస్తే తెలిసిపోతుంది. ముత్లా వంకల్లోనూ ఇవే గుర్తులు.

ఎండు వంకను నమ్మకూడదన్న సంగతీ మనకే బాగా తెలియాలి. 2018 నవంబరులో కువైట్‌లో కురిసిన వానలకు రోడ్లు ఏరులయ్యాయి. కార్లు తేలాయి. ఆ నష్టానికి బాధ్యత తీసుకుని ప్రజాపనుల మంత్రి రాజీనామా చేశాడు. మూడేళ్ళు తిరిగేసరికి, 2021 నవంబరు 19న మన దగ్గర అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. చెయ్యేరు పులపత్తూరు, మందపల్లి ఊళ్ళ మీద పడింది. ఆ రాత్రి ఇక్కడి గదుల్లో నిద్రపోయిన రాజంపేటవాళ్ళు తక్కువ. కాబట్టి మబ్బు కమ్మిన రోజున, ముందురోజు ఉరుములు వినిపించినా సరే, వంకలో దిగవద్దు. గట్టు మీద నేల నీళ్ళను తాగదు. పైన పడిన వాన పడినట్టే వంకలోకి జారుతుంది.

ఇక చెట్లు. చెట్లనడం కొంచెం పెద్ద మాటే, పొదలు అందాం. కువైట్ జాతీయ పుష్పం అర్ఫజ్ ఇక్కడిదే. మోకాలెత్తు పొద. చలికాలపు వానలకు చిగురించి, వసంతంలో చిన్న చిన్న పసుపు పూలు పూస్తుంది. ఎండలు ముదిరేసరికి ఆకంతా రాల్చి, తెల్లగా ఎండిన పుల్లల కట్టలా మిగులుతుంది. వేసవిలో చూసినవాడు చచ్చిందనుకుంటాడు. అవ్‌సజ్ అని ఇంకొక ముళ్ళ పొద ఉంది. దానికి ఎర్రటి చిన్న పళ్ళు కాస్తాయి. అదీ వేసవిలో ఆకు దులిపేసుకుంటుంది. రిమ్స్ అనే పొదకైతే ఆకు పేరుకే, పచ్చటి కాడలతోనే బతుకు లాగిస్తుంది. 

చలిదేశాల అడవులు ఆకు రాల్చేది చలికి. ఇక్కడి పొదలు రాల్చేది దాహానికి. ఆకుకు ఉండే సన్నని రంధ్రాల గుండా నీరు ఆవిరై పోతూ ఉంటుంది. వేళ్ళకు నీరు అందని నెలల్లో ఆకును నిలబెట్టుకోవడం మొక్కకు నష్టం, అందుకని వదిలేస్తుంది. 2016 జూలై 21న ఈ దేశంలోనే మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ ఆ లెక్కను పరిశీలించి ఖాయం చేసింది. ఆ ఎండలో ఆకు పెట్టుకుని కూర్చోవడం ఏ మొక్కకు సాధ్యం?

మన శేషాచలం, పాలకొండలు, వెలిగొండలు చేసేది కూడా ఇదే పని. ఎర్రచందనం, చిరిమాను, మద్ది, బూరుగ, మోదుగ సంక్రాంతి దాటాక ఒకటొకటిగా ఆకు దించేస్తాయి. ఆ కొండలు మాఘ ఫాల్గుణాల్లో బోసిపోయి కనిపించేది అందుకే. ఆకు లేని కొమ్మకే మోదుగ ఎర్రగా పూస్తుంది, కొండగోగు పచ్చగా పూస్తుంది. కోడూరు మామిడి తోటలో నిలబడి అటు చూస్తే కనిపించే బూడిదరంగు కొండకూ, ముత్లా గట్టు మీది పుల్లల కట్టకూ బతుకు లెక్క ఒకటే. పుస్తకాల్లో ఆ అడవిని శుష్క ఆకురాల్చు అడవి అంటారు. అలాంటి అడవి పక్కన పుట్టినవాడికి అర్ఫజ్ పరాయి మొక్క కాదని నా అభిప్రాయం.

కువైట్‌లో అసలు చెట్టు లేదా అంటే, ఉంది. గట్టు ప్రాంతంలోనే సబా అల్ అహ్మద్ ప్రకృతి రిజర్వు ఉంది. సుమారు 320 చదరపు కిలోమీటర్లు, చుట్టూ కంచె. అందులో తల్హా అనే చోట ఒక తుమ్మజాతి చెట్టు నిలబడి ఉంది. దేశం మొత్తంలో ఎవరూ నాటకుండా తనంతట తాను మొలిచి మిగిలిన చెట్టు అదొక్కటే అంటారు. దాని గింజలు తీసి మొక్కలు పెంచి మళ్ళీ ఆ నేలలో నాటుతున్నారు. మన ఊరి బయట కంపగా నరికి పారేసే తుమ్మకు దగ్గరి చుట్టం అది. ఇక్కడ దానికున్న గౌరవం చూస్తే నవ్వూ వస్తుంది, సిగ్గూ వేస్తుంది.

ఆ రిజర్వు కంచె దగ్గర ఒక్క నిమిషం ఆగి రెండు వైపులా చూడండి. లోపల అర్ఫజ్ దట్టంగా ఉంటుంది. బయట గొర్రెలు, ఒంటెలు, చలికాలపు డేరాలు, నాలుగు చక్రాల బళ్ళు కలిసి నేలను బోడి చేసేశాయి. వాన రెండు వైపులా ఒకటే పడింది, మట్టీ ఒకటే. నేను ఒంటెల కాపర్లను తప్పు పట్టను. ఆ కాపర్లలోనే మనవాళ్ళు ఉన్నారు, వాళ్ళ కష్టం వేరే ప్రసంగానికి సరిపోయేంత ఉంది. సరదాకు ఇసుక మీద బండి గింగిరాలు తిప్పేవాళ్ళను మాత్రం తప్పు పడతాను. నేల పైపెంకు ఒకసారి చిట్లిందంటే గాలి దుమ్మును ఎత్తుకుపోతుంది, గింజ నిలవదు.

ఈ గట్టుకు ఇంకొక చరిత్ర కూడా ఉంది. 1991 గల్ఫ్ యుద్ధంలో, ఫిబ్రవరి చివర్లో, కువైట్ నుంచి వెనుదిరిగిన ఇరాక్ సేనల బళ్ళ వరుస ఈ ముత్లా దగ్గరే బాంబులకు దొరికిపోయింది. ఇదే 80వ నంబరు రోడ్డు. పాతకాలపు కువైట్ మనుషులు ఆ చోటు మీదుగా పోతూ మాట ఆపేయడం చూశాను. ఆ యుద్ధపు మందుగుండు ఇప్పటికీ ఎడారిలో అక్కడా ఇక్కడా బయటపడుతూనే ఉంది. వాన పారి వంకలు కొత్తగా కోసుకున్న చోట మరీ జాగ్రత్త. తుప్పు పట్టిన ఇనుప ముక్క ఏది కనబడినా చెయ్యి పెట్టకండి, కాలితో తన్నకండి. దూరం జరిగి 112కు ఫోను చేయండి.

నడకకు కాలం ఎప్పుడు? ఇక్కడి అరబ్బులు సుహైల్ చుక్క కోసం చూస్తారు. ఆగస్టు, సెప్టెంబరు సంధిలో తెల్లవారుజామున దక్షిణాన అది పొడిస్తే, వేసవి తల వంచిందని లెక్క. అది మన అగస్త్య నక్షత్రమే. మన పెద్దలు అగస్త్యుడు పొడిస్తే ఏటి నీళ్ళు తేరుకుంటాయన్నారు. ఇక్కడ ఏరు లేదు కనక వేడి తేరుకుంటుంది. అక్టోబరు నడుమ నుంచి పడే వానలను వస్మ్ అంటారు. ఆ వానలు బాగా పడి ఉరుములు ఉరిమిన ఏడు ఎడారిలో ఫగ్గా దొరుకుతుంది. నేల లోపల ఊరే పుట్టగొడుగు జాతి అది. రఖ్రూఖ్ అనే చిన్న మొక్క వేళ్ళను ఆనుకుని పెరుగుతుంది. నేల కొంచెం ఉబ్బి చీలిన చోట వేలితో పెళ్ళగించి తీస్తారు. అరబ్బులు దానికి ఉరుము కూతురని ముద్దుపేరు పెట్టారు. ఉరిమితే పుట్టగొడుగులు లేస్తాయని మన అవ్వలూ చెప్పారు కదా. రిజర్వులో మాత్రం ఫగ్గా ఏరకూడదు. 2014 నాటి 42వ పర్యావరణ చట్టం మొక్క పీకినా, పిట్టను కొట్టినా జరిమానా వేస్తుంది. రిజర్వు లోపలికి పోవడానికి పర్యావరణ అధికార సంస్థ అనుమతి ముందుగా తీసుకోవాలి. కంచె దూకే పని పెట్టుకోవద్దు.

నవంబరు నుంచి మార్చి మొదలు దాకా మంచి కాలం. డిసెంబరులో సాయంత్రం ఐదు కాకముందే పొద్దు గుంకుతుంది కనక, తెల్లవారగానే బయలుదేరాలి. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు. గట్టు మీద టీకొట్టు లేదు, వంకలో చెలమా లేదు. బతాకా, అంటే గుర్తింపు కార్డు, జేబులో ఉండాలి. చెప్పులతో పోవద్దు, గులకరాళ్ళ మీద మడమ తిరుగుతుంది. ముగ్గురికి తక్కువ కాకుండా పోవాలి. గట్టు కింద సముద్రం వైపు తెల్లగా మెరిసే నేలను సబ్ఖా అంటారు. మన చౌడు నేల లాంటిది. పైన పెళుసుగా, కింద బురదగా ఉంటుంది. దగ్గరి దారి కదా అని దాని మీద అడ్డంగా పడి పోవద్దు.

ఇంత చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి. కారున్నవాడికి, శుక్రవారం సెలవున్నవాడికి ఈ కబుర్లు బాగుంటాయి. ఇంటిపని చేసే అక్కలకు ఎలా? 2015 నాటి 68వ చట్టం ప్రకారం ఇంటిపనివాళ్ళకు వారానికి ఒకరోజు జీతంతో సెలవు, ఏడాదికి 30 రోజుల సెలవు హక్కు. కాగితం మీద ఉన్న ఈ సెలవు చేతికి అందని ఇళ్ళు ఎన్నో మీకు నేను చెప్పక్కర్లేదు. నెలకొక పూట బయటికి వచ్చి, నగరంలోని మాలియాలో ఊరివాళ్ళను కలిసి, డబ్బు పంపి, రెండు మాటలు మాట్లాడుకునేసరికి పొద్దు వాలేవాళ్ళకు ముత్లా ఎక్కడ, మనమెక్కడ? అలాంటివాళ్ళకు మాలియాకు దగ్గరలోనే షహీద్ పార్కు ఉంది. పాత నగరపు ప్రహరీ ఉండిన జాగాలో 2015లో తెరిచారు. టికెట్టు లేదు. నడకదారి చెట్ల మధ్య చుట్టూ తిరిగి మళ్ళీ మొదటికి వస్తుంది. ఆ పార్కులో మన రేగుకు అక్కచెల్లెలైన సిద్ర్ చెట్టు కనిపిస్తే దాని నీడన కూర్చోండి.

మరి నిజంగా నీళ్ళు పారే వాగు, నిజంగా ఆకు రాల్చే అడవి కావాలంటే? అది మీ ఇంటి వెనకే ఉంది. ఇదే నాకు వింతగా తోచే సంగతి. రైల్వేకోడూరు, ఓబులవారిపల్లె, చిట్వేలు, రాజంపేట, రాయచోటి నుంచి కువైట్‌కు వచ్చిన వేలమందిలో, శేషాచలాన్ని బస్సు కిటికీలోంచి తప్ప చూడనివాళ్ళు ఎంతోమంది. 4,700 చదరపు కిలోమీటర్లకు పైబడిన ఆ అడవిని 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. మన రాష్ట్రంలో అలాంటి గుర్తింపు పొందిన మొదటి అడవి అది. ఎర్రచందనం తనంతట తాను పెరిగేది ప్రపంచం మొత్తంలో ఆ కొండల్లో, వాటి చుట్టుపక్కల కొండల్లో మాత్రమే. రాళ్ళ సందుల్లో బంగారు బల్లి, కొమ్మల మీద బెట్లుడత. కొండపై గట్టి రాతి పగుళ్ళలో ఇంకిన వాన కోనల్లో ఊటలై దిగుతుంది. అందుకే చుట్టూ చెట్లు ఎండినా కోన అడుగు మాత్రం పచ్చగా ఉంటుంది. 

సెలవు మీద పోయినప్పుడు తలకోన పోండి. 270 అడుగుల జలపాతం. సిద్ధేశ్వరుడి గుడి దగ్గర మొదలుపెట్టి, జలపాతం చూసి, అడవి దారిన చుట్టి రావచ్చు. నవంబరు, డిసెంబరుల్లో వానలు వెలిశాక పోతే వాగులు నిండుగా ఉంటాయి. వేసవిలో, ఇక్కడి ఇంటి యజమానులు ఊళ్ళు తిరగబోయినప్పుడే సెలవు దొరికేవాళ్ళకు సన్నని ధారే దక్కుతుంది. కుక్కలదొడ్డి నుంచి తిరుమలకు పోయే పాత అడవిదారి ఇంకొకటి ఉంది. తాళ్ళపాక అన్నమయ్య ఆ దారినే కొండకు నడిచాడని చెప్పుకుంటారు. అయితే ఆ అడవిలో అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. ఎర్రచందనం దొంగల కోసం కాపలా కాసేవాళ్ళకు మీరు ఎవరో తెలియదు. జంతువులకు అసలే తెలియదు. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి ముందు గుండాలకోన దారిలో నడిచిపోతున్న భక్తుల మీద ఏనుగులు పడి ప్రాణాలు తీసిన సంగతి ఓబులవారిపల్లెవాళ్ళు మరిచిపోలేదు. స్థానిక గైడును తీసుకోండి, పగటి వెలుగులో వెళ్ళండి, గుంపుగా ఉండండి.

చలికాలం మొదలైతే ముత్లాకు పోదామనుకునేవాళ్ళు ఇప్పటి నుంచే వారానికి రెండు రోజులు సముద్రపు ఒడ్డున ఒక గంట నడవడం మొదలుపెట్టండి. సెలవు అడగాల్సినవాళ్ళు యజమానిని ముందే అడగండి. బండి ఉన్నవాడు లేనివాడికి ఒక సీటు ఇవ్వండి. పెట్రోలు పంచుకోవచ్చు. తిరిగి రావడానికి మధ్యాహ్నం మూడు గంటలకల్లా పైఅంచుకు చేరేలా చూసుకోండి.